లిస్టులో లేని ఎరుపు

ఆ రోజుకు శైలజ వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. ఆరింటికి బండి వస్తుంది. ఎనిమిదిన్నరకల్లా లోడు ఎక్కుతుంది. తొమ్మిదింటికి చిట్యాల దాటుతుంది. పన్నెండింటికి దేవరకొండలో దశరథం సేటు గోదాము ముందు ఆగుతుంది. పన్నెండున్నరకు సేటు "మంచిగున్నది" అంటాడు. ఆ ఒక్క మాట కోసమే ఆరు నెలలుగా చిట్యాల శివారులోని రేకుల షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకొని ఫినాయిలు కలుపుతున్నారు, బట్టల పొడి జల్లెడ పడుతున్నారు, గిన్నెలు తోమే లిక్విడును డబ్బాల్లో నింపుతున్నారు. ఆ ఎనిమిది మందిలో శైలజ ఒకతె, వాళ్లకు పెద్ద కూడా ఆమే.

దశరథం సేటు దేవరకొండ చుట్టుపక్కల హాస్టళ్లన్నిటికీ సామాన్లు అందించే టోకు వ్యాపారి. మాట మెత్తన, పట్టు గట్టి. అంతకుముందు ఎవరో పంపిన ఫినాయిలు దారిలో కారి, అతని గోదాములోని కందిపప్పు బస్తాలకు పట్టింది. ఏడాది గడిచినా ఆ గోదాములో అడుగుపెడితే పప్పు కొనడానికి వచ్చినట్టు ఉండదు, దవాఖానకు వచ్చినట్టు ఉంటుంది. అందుకే అతను శైలజకు ఒక్కటే షరతు పెట్టాడు.

"శైలజమ్మా, తొలి లోడు చూస్త. ఒక్క చుక్క కారినా లోడు వాపస్, మల్ల నా దుకాణం మెట్లెక్కకు. కారకుంటే ఏడాది పొడుగూత ఆర్డరు నీదే."

ఏడాది ఆర్డరంటే ఎనిమిది మందికి ఏడాది పని. అది రాకపోతే షెడ్డుకు తాళం వేసి, ఎనిమిది మందీ మళ్లీ పత్తి ఏరే కూలికి పోవడమే. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనడం లేదు.

ఇలాంటి సరుకును భద్రంగా ఎలా పంపాలో నేర్చుకోవడానికి శైలజ హైదరాబాదులో ఒకరోజు శిక్షణకు వెళ్లొచ్చింది. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగి వచ్చేటప్పటికి పది సూత్రాలున్న మనిషి అయింది. ప్రతి మూతకూ టేపు చుట్టాలి. పెట్టె మీద బాణం ఎటుంటే పెట్టె అటే నిలబడాలి. యాసిడ్, బ్లీచింగు ఒకే బండి ఎక్కకూడదు. సరుకు బండి అడుగుకు తగలకుండా కింద చెక్క పలకలు వేయాలి. ఇలా పది. వాటిని షెడ్డు గోడకు అంటించింది. అంతటితో ఊరుకోక ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా బాణం గీసింది. శైలజ భర్త రాజేశ్ చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పని చేస్తాడు. ఆ పది సూత్రాలూ చదివి, "మా కంపెనీల గూడ ఇన్ని లేవే" అన్నాడు. అని, డ్యూటీకి పోయాడు. ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య ఏదో మొదలవబోతోందని అనిపించినప్పుడల్లా అతనికి డ్యూటీ గుర్తుకొస్తుంది.

ఆరింటికి రావలసిన బండి ఆరుంబావుకు వచ్చింది. బండి కంటే ముందు దాని వాసన వచ్చింది. డ్రైవరు వెంకన్న డీసీఎం వ్యాను దిగి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మంచివాడు, నెమ్మదైనవాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అతనితో వచ్చే చిక్కంతా ఆ మూడో గుణంతోనే.

"ఏందన్నా గిది? కడిగి తీస్కరా అని చెప్పిన గదా!" అంది శైలజ బండిలోకి తొంగి చూసి.

"కడిగిన అక్కా. నీళ్లు కొట్టిన."

"నీళ్లు కొడితే గొర్ల పెంటికలు పోతయా?"

"నిన్న సంతకు గొర్లను ఏసుకపోయిన. అయినా అంత గలీజేం చెయ్యలే. మంచి గొర్లు."

బండి అడుగు పరిశుభ్రంగా ఉండాలన్నది మూడో సూత్రం. శైలజ కొంగు దోపింది. షెడ్డులోంచి నాలుగు కిలోల బట్టల సోడా తెప్పించి, బకెట్లలో కలిపి, బండి అడుగున ఉన్న చెక్కలను తానే చీపురు పెట్టి రుద్దింది. సొంత సరుకు మీద నమ్మకం ఉన్నవాళ్లు కొలత చూడరు. పెంటికలు పోయాయి, వాసన పోయింది, చెక్కల మీది పాత రంగు కూడా కొంత పోయింది. మంచి నీళ్లతో కడుగుదామని చూసేసరికి ట్యాంకులో ఒక బకెట్టే మిగిలి ఉంది. ఆ ఒక్క బకెట్టూ కొట్టి సరిపెట్టింది. అరగంట ఎండకు చెక్కలు ఎండి, సందుల్లో తెల్లటి పొర తేలింది. ఆ తెలుపు చూసి ఆమె మనసు చల్లబడింది.

సరిగ్గా అప్పుడు ఆమె అత్త హనుమమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో కొబ్బరికాయ, కర్పూరం, చెంబుడు పసుపు నీళ్లు. తొలి లోడు కదలాలంటే ఏమేం చేయాలో చెప్పే సూత్రాలు ఆమెకూ ఉన్నాయి.

"అత్తమ్మా, కర్పూరం వద్దు. ఫినాయిలు దగ్గర అగ్గి ఉండొద్దు. ఏడో నంబరు."

"సరే. కాయ కొడ్త."

"కాయ నీళ్లు అట్టపెట్టెల మీద పడ్తయి. తడి తగలొద్దు. ఐదో నంబరు."

"పసుపు నీళ్లన్న చల్లనియ్యవా?"

"అవి గూడ నీళ్లే గదా అత్తమ్మా! ఒక్క పెట్టె మెత్తబడ్డదంటే కింద పెట్టె మీద కూసుంటది, మూత ఊడ్తది, సేటు వాపస్ పంపుతడు. జర అర్థం చేస్కో."

హనుమమ్మ పళ్లెం వంక చూసింది, కోడలి వంక చూసింది. "అగ్గి ఉండొద్దు, నీళ్లు పడొద్దు. గంతేనా?"

"గంతే."

"మల్ల మాట మార్చొద్దు."

శైలజ మాట మార్చేంత తీరికలో లేదు. వెంకన్నకు సూత్రాల కాగితమూ సరుకు లిస్టూ ఇచ్చి, రెండూ బయటికి చదివించింది. తెల్ల ఫినాయిలు, ఆకుపచ్చ లిక్విడు, నీలం బాత్రూం యాసిడ్, తెల్ల బట్టల పొడి. మొత్తం నూట పద్దెనిమిది పెట్టెలు, ఇరవై రెండు బస్తాలు. తొమ్మిదో సూత్రం మాత్రం రెండుసార్లు చదివించింది. ఏదైనా కారితే బండి ఆపాలి, జనాన్ని దూరంగా ఉంచాలి, అగ్గి ఆర్పించాలి, ముట్టుకోకూడదు, తెరవకూడదు, ఫోన్ చేయాలి. వెంకన్న గుడిలో మొక్కు అప్పజెప్పినంత శ్రద్ధగా చదివాడు. తరువాత ఆమె బిల్లు ప్రింటు తేవడానికి జిరాక్సు దుకాణానికి వెళ్లింది. అక్కడ కరెంటు లేదు. నలభై నిమిషాలు పట్టింది.

తిరిగి వచ్చేసరికి పలకలు పరిచి, పెట్టెలన్నీ ఎక్కించి, పైన టార్పాలిన్ పట్టా బిగించి కట్టేశారు. ఆ ఎనిమిది మందిలో ఎప్పుడూ గలగలా మాట్లాడే పుష్ప ఎందుకో ఆ పొద్దు తల వంచుకొని టేపు ముక్కలు ఏరుతోంది. హనుమమ్మ గడప మీద కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. ఆమె ముఖం చాలా ప్రశాంతంగా ఉంది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆ ప్రశాంతతకు అర్థం శైలజకు తెలిసి ఉండాల్సింది. కానీ బండి పది నిమిషాలు ఆలస్యమైందన్న దిగులులో పడి, ఆమె అది గమనించలేదు.

పదింటికి వాన మొదలైంది. పెద్ద వాన కాదు, ముసురు. పదీ నలభైకి ఫోన్ మోగింది.

"అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడు వెంకన్న.

శైలజకు ఆ క్షణం నుంచే ఫికరు పట్టుకుంది. "ఏమైందన్నా?"

"ఏం గాలే. నల్లగొండ దాటి దేవరకొండ రోడ్డు మీద చాయ్ హోటల్ కాడ ఆగిన. మన లోడుల ఎర్రది ఏమున్నది?"

"ఎర్రదా? ఎర్రది ఏం లేదు."

"లేదు గదా! నేను గూడ లిస్టు మూడుసార్లు చదివిన. లేదు. కానీ కారుతాంది."

శైలజ గోడకు ఆనుకుంది. తెలుపు, ఆకుపచ్చ, నీలం. వీటిలో ఏవి కలిసినా ఎరుపు ఎలా వస్తుంది? శిక్షణలో చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. రంగు మారిందంటే ఏదో దేంతోనో కలిసిందని అర్థం. యాసిడ్ మూత ఊడిందా? పొడి బస్తా మీద పడిందా? పొగ వస్తుందా, మంట లేస్తుందా? ఎనిమిది మంది ఏడాది పని ఆమె కళ్లముందే చుక్క చుక్కగా రోడ్డు మీదికి కారిపోతున్నట్టు అనిపించింది.

"అన్నా, తొమ్మిదో నంబరు! తొమ్మిదో నంబరు చెయ్యి! నేనొస్తున్న."

"అది మొదలువెట్టిన్నే ఉన్న అక్కా" అన్నాడు వెంకన్న.

స్కూటీ బయటికి తీస్తుంటే హనుమమ్మ ప్లాస్టిక్ కవరు నెత్తికి కప్పుకొని వచ్చి వెనక కూర్చుంది.

"నువ్వెందుకత్తమ్మా ఈ వానల?"

"తొలి లోడు. నేనొస్త."

నార్కెట్‌పల్లి చేరారు. అక్కడ స్పీడు బ్రేకరు దగ్గర హనుమమ్మ మెల్లగా అడిగింది. "ఎర్రగ అంటే, ఎసొంటి ఎరుపట? కుంకుమ లెక్కనా, పారాణి లెక్కనా?"

"నాకేం ఎర్క అత్తమ్మా! ఏ ఎరుపైతే ఏంది? నా బతుకు కారిపోతాంది!"

హనుమమ్మ ఆ తర్వాత నల్లగొండ దాటేదాకా నోరు విప్పలేదు. ఈలోగా దశరథం సేటు ఫోన్ చేశాడు. వాన పడుతోంది కదా, లోడు ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. నల్లగొండ దాటిందని చెప్పింది శైలజ. కారలేదు కదా అన్నాడు. అబద్ధం ఆడటానికి ఆమెకు నోరు రాలేదు.

"బండి ఆగింది సేటు. ఏందో చూడనీకి పోతున్న."

"నేనే వస్త" అన్నాడు సేటు.

చాయ్ హోటల్ దగ్గరికి చేరేసరికి శైలజకు ముందు రోడ్డు కనపడలేదు. గొర్రెలు కనపడ్డాయి. అరవై దాకా ఉంటాయి. వాటి వెనుక యాభై మంది జనం. జనం మధ్యలో తుమ్మ కంప గుండ్రంగా పరిచి ఉంది. ఆ కంప నడుమ తన డీసీఎం. దాని ముందు గొడుగు పట్టుకొని, "దగ్గరికి రావొద్దు, ముట్టుకుంటే ప్రమాదం" అని అరుస్తున్న వెంకన్న. బండి వెనకనుంచి ముసురు నీళ్లతో పాటు చిక్కటి ఎరుపు ధారగా దిగుతోంది.

వెంకన్న తొమ్మిదో సూత్రాన్ని అక్షరం వదలకుండా పాటించాడు. అగ్గి ఆర్పించాలన్నారు కాబట్టి, హోటల్‌లో సలసలా కాగుతున్న బజ్జీల నూనె కింద పొయ్యి ఆర్పించాడు. బజ్జీల కోసం ఆగినవాళ్లకు ఇంకేం పని? వచ్చి బండి చుట్టూ నిలబడ్డారు. నిలబడ్డవాళ్లను చూసి బస్సులు ఆగాయి. జనాన్ని దూరంగా ఉంచాలన్నారు కాబట్టి కంప నరికి పరిచాడు. అంత కంప పరిచి దాచిపెట్టే వస్తువు ఏమై ఉంటుందా అని కొత్తగా వచ్చినవాళ్లకు ఆసక్తి పుట్టింది.

అలా వచ్చినవాళ్లలో జానయ్య ఒకడు. పక్క ఊరి గొర్రెల కాపరి. ముందురోజు నుంచీ అతని కొమ్ముల పొట్టేలు కనపడటం లేదు. గొంగడి కప్పుకొని, మందను తోలుకొని వెతుకుతూ వస్తుంటే ఈ బండి కనిపించింది. పట్టా తాడుకు గొర్రె బొచ్చు చిక్కుకొని ఉంది. కింద ఎర్రటి నీళ్లు. డ్రైవరు దగ్గరికి రానీయడం లేదు. ఇంకేం కావాలి? జానయ్య మందను రోడ్డు మీద వదిలేసి, బండి ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"నా పొట్టేలును కోసి తీస్కపోతున్రు! బండి కదిలితే నా మీదికెళ్లే కదలాలె!"

పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ రూప, ముప్పై లోపు అమ్మాయి, నోటుబుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని తడవకుండా రాస్తోంది. శైలజ దగ్గరికి రాగానే అప్పటిదాకా రాసింది చదివి వినిపించింది.

"గీయన పొట్టేలు పోయిందట. హోటలాయన బజ్జీలు ఆగినయట. డ్రైవర్‌ను లోపల ఏమున్నదంటే ముట్టుకుంటే ప్రమాదమంటడు. నిన్న ఏమున్నదంటే గొర్లు అంటడు. గిదంత ఏందమ్మా?"

"చూసిన్రా! గొర్లు అని ఒప్పుకున్నడు!" అన్నాడు జానయ్య చక్రం దగ్గరి నుంచి.

"మేడం, నిన్నటి సంగతి అడిగిన్రు, చెప్పిన" అన్నాడు వెంకన్న. "అబద్ధం చెప్పమని కాగితంల లేదు."

అప్పుడే తెల్ల కారు వచ్చి ఆగింది. దశరథం సేటు దిగి, గొడుగు విప్పి, బండి వెనక్కు నడిచి వెళ్లాడు. కారుతున్న ఎరుపును వంగి చూశాడు. శైలజను చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది శైలజకు.

రూప కలం తీసింది. "నెత్తురైతే ఒక కేసు, యాసిడైతే ఇంకో కేసు. ఏదైనా తెరిచి చూడాలె, పంచనామా రాయాలె. ముందుగాల చెప్పున్రి, ఈ సరుకు బాధ్యత ఎవలది? ఎవల పేరు రాయాలె?"

శైలజ నోరు తెరిచింది. మాట బయటికి వచ్చేలోగా ఆమె వెనకనుంచి హనుమమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"నాది. నా పేరు రాయి బిడ్డా. హనుమమ్మ."

"అత్తమ్మా, నువ్వు ఊకో..."

"నువ్వు ఊకో! నా కోడలు అన్ని మంచిగ జేసింది మేడం. మంచిగ కడిగింది, మంచిగ కట్టింది. దీంట్ల తప్పేమన్న ఉంటే నాది. స్టేషన్‌కు రమ్మన్నా నేనే వస్త. దాన్ని అడగకు."

తొమ్మిదేళ్లలో అత్త నోట తన గురించి 'మంచిగ' అన్న మాట శైలజ వినడం అదే మొదటిసారి. అదీ ఒకేసారి మూడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కేసులోకి పేరు ఎక్కించుకోవడానికి తల్లైనా ఒక నిమిషం ఆలోచిస్తుంది, ఈ మనిషి ఆలోచించలేదే అనుకుంది. పొద్దున పళ్లెం పట్టుకొని వస్తే నంబర్లు చెప్పి పంపినందుకు సిగ్గుపడింది.

రూప పేరు రాసుకుంది. జానయ్యను చక్రం దగ్గరి నుంచి లేపి, బండిని వెనక్కి తోయించి, హోటల్ రేకుల కింద, వాన పడని చోట, లోడు దించడం మొదలుపెట్టారు. శైలజ చేతులకు తొడుగులు వేసుకొని, గుడ్డ కట్టుకొని, మొదటి పెట్టె తానే తెరిచింది. అన్ని మూతలకూ టేపు ఉంది. ఒక్కటీ కారలేదు. రెండోదీ అంతే. జానయ్య పక్కనే నిలబడి, ప్రతి పెట్టెలోకీ తల పెట్టి చూశాడు.

"తాతా, గీ పెట్టెల పొట్టేలు పడుతదా?" అంది రూప.

"ముక్కలైతే పడుతది" అన్నాడు జానయ్య.

ముప్పయ్యో పెట్టెలో ఫినాయిలు వాసన పీల్చి పదకొండుసార్లు తుమ్మాడు. అయినా వదల్లేదు. నూట పద్దెనిమిది పెట్టెలు తెరిచారు. ఇరవై రెండు బస్తాలు తిప్పి తిప్పి చూశారు. ఒక్క మూత ఊడలేదు, ఒక్క అట్ట మెత్తబడలేదు, ఒక్క చుక్క కారలేదు. దశరథం సేటు చేతులు వెనక్కి కట్టుకొని, నడుస్తూ, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాడు. ప్రతి పెట్టెకూ శైలజకు కొంచెం ఊపిరి వచ్చింది, దానితోపాటే భయం కూడా పెరిగింది. ఇందులో ఏదీ కారకపోతే మరి కారుతున్నదేమిటి?

చివరికి పలకలు లేపారు. కింద చెక్కల మీద ఎర్రటి బురద. పట్టా మీది వాననీళ్లు వెనక సందులోంచి దిగి, పలకల కిందుగా పారుతూ, ఆ బురదను కడిగి రోడ్డు మీదికి తెస్తున్నాయి. ఒక మూలకు తడి చేరలేదు. అక్కడ మాత్రం అరచేతంత మేర పొడి ఉంది. పచ్చగా.

"పసుపు" అంది హనుమమ్మ. "నేనే చల్లిన. పలకలు పరచకముందు. కిలోంబావు."

"పసుపు పచ్చగుంటది గదా అవ్వా, ఎర్రగెట్లయితది?" అంది రూప.

"సోడా తగిలింది బిడ్డా. పారాణి ఎట్ల చేస్తరు? పసుపుల సున్నం ఎయ్యరా? సున్నమైతేంది, సోడా అయితేంది?"

గుంపులో ఉన్న ఆడవాళ్లందరికీ ఆ మాటతోనే అర్థమైపోయి, నవ్వు మొదలైంది. మగవాళ్లకు ఇంకో ఐదు నిమిషాలు పట్టింది. హోటల్ వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి, తడిపి, దాంట్లో బట్టల పొడి కలిపి, రూప అరచేతిలో పెట్టి చూపిస్తే ఎర్రబడింది. జానయ్య తన అరచేతిలో కూడా చేసి చూపించమన్నాడు. చూపించారు. నాలుక ఆనించి చూడబోతే వెంకన్న పట్టుకొని ఆపాడు. అది ఎనిమిదో సూత్రం.

భయం పోయిన చోట శైలజకు కోపం వచ్చింది. "అత్తమ్మా! ఏం చల్లొద్దని చెప్పిన గదా!"

"ఎప్పుడు చెప్పినవ్? అగ్గి వద్దన్నవు, నీళ్లు వద్దన్నవు. గంతేనా అని అడిగిన. గంతే అన్నవు. పొడి పసుపు వద్దని ఏ నంబర్ల ఉన్నది?"

శైలజ మనసులో పదీ లెక్కపెట్టుకుంది. దేంట్లోనూ లేదు.

"అయినా ఎరుపు నా పసుపుది గాదు" అంది హనుమమ్మ. "నలభై ఏండ్ల సంది చల్లుతున్న, పచ్చగనే ఉన్నది. నీ సోడాది."

గుంపు మొత్తం శైలజ వైపు తిరిగింది. ఒక్క బకెట్టు నీళ్లతో సరిపెట్టిన సంగతి ఆమెకు, వెంకన్నకు తప్ప ఎవరికీ తెలియదు. వెంకన్న నేల చూపులు చూస్తున్నాడు. అడిగితే చెప్పేస్తాడు.

"అవును" అంది శైలజ. "నీళ్లు అయిపోయినయి. సరిగ్గ కడగలే నేను."

ఇంతలో జానయ్య భార్య బక్కమ్మ ఫోన్ చేసింది. పొట్టేలు ఎక్కడికీ పోలేదట, వాళ్ల తమ్ముడి కొట్టంలోనే కట్టేసి ఉందట, నిన్న కట్టేసింది జానయ్యేనట. ఆమె మాటలు ఫోన్ దగ్గర లేనివాళ్లకు కూడా వినిపించాయి. జానయ్య గొంగడి సర్దుకొని వెంకన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను ముందుగాలే అనుకున్న, గీ డ్రైవరు మంచోడే అని."

గొర్రెలు రోడ్డు దిగాయి, బస్సులు కదిలాయి, పొయ్యి వెలిగింది. కానీ రూప మాత్రం కదల్లేదు. ఒకసారి తెరిచిన పంచనామా ముగించకుండా మూయడానికి వీల్లేదంది. బజ్జీ తింటూ ఓపికగా అంతా రాసింది. నూట పద్దెనిమిది పెట్టెలు, ఇరవై రెండు బస్తాలు సాక్షుల ఎదుట తెరిచి చూడటమైనది. మూతలన్నీ గట్టిగా ఉన్నవి. కారడం, తడవడం, పగలడం లేదు. ఎర్రని ద్రవం పసుపు. సరుకు బాధ్యత గల వ్యక్తి: హనుమమ్మ. కింద సాక్షిగా జానయ్య సంతకం చేశాడు.

దశరథం సేటు అప్పటికి నోరు విప్పాడు. "శైలజమ్మా, నా గోదాముకు సరుకు వస్తే ఐదు పెట్టెలు తెరిచి చూస్త. అవి మంచిగుంటే అన్నీ మంచిగున్నయనుకుంట. అట్లనే మోసపోయిన. ఇయ్యాల నూట పద్దెనిమిది చూసిన. పోలీసు ముందట చూసిన."

"సేటు, ఆలస్యమైంది..."

"అయితే కానియ్యి. నిన్న గొర్లు ఎక్కిన బండిల, గింత వానల, గింత లొల్లిల, ఒక్క మూత కదలలే. మంచిగున్నది." ఆ మాట అనేసి, రూప వైపు తిరిగాడు. "మేడం, ఆ పంచనామా నాకో ఫొటో ఇయ్యున్రి. ఇసొంటి కాగితం ఏ పెద్ద కంపెనీవోడు గూడ నాకు ఇయ్యలే."

శైలజకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. షెడ్డుకు ఫోన్ చేసి పుష్పకు చెప్పింది. అవతల ఎనిమిది గొంతులు వినిపించాల్సిన చోట ఏడే వినిపించాయి. ఎనిమిదో గొంతు తనదేనని గుర్తొచ్చి తానూ అరిచింది. చూడటానికి ఆగిన జనమే తలో పెట్టె పట్టి మళ్లీ లోడు ఎక్కించారు. బాణం పైకే ఉండాలని ఒకరికొకరు చెప్పుకుంటూ ఎక్కించారు. చెక్కలను ఈసారి హోటల్ డ్రమ్ములోని నీళ్లతో అయిదుసార్లు కడిగారు.

మూడున్నరకు దేవరకొండలో లోడు దిగింది. సేటు గద్దె మీద కూర్చొని, కళ్లజోడు పెట్టుకొని, ఏడాది ఆర్డరు కాగితం తయారు చేయించాడు. శైలజ తడిచేతులు తుడుచుకొని అందుకుంది. మొదటి పంక్తి చదివింది. మళ్లీ చదివింది.

"సేటు, పేరు... హనుమమ్మ అని పడ్డది."

"పడలే, రాయించిన. పంచనామాల బాధ్యత గల వ్యక్తి ఎవలున్నరు? హనుమమ్మ. రేపు హాస్టలోళ్లు అడిగితే నేను రెండు కాగితాలు చూపిస్త. రెండిట్ల ఒకటే పేరుండాలె. అందుల తప్పుంటే నాదని పదిమంది ముందట నిలవడ్డ మనిషి. వ్యాపారంల నాకు గట్లాంటోళ్లే కావాలె."

"అది నిజమే" అంది శైలజ. నిజమే కూడా.

హనుమమ్మ మొహమాటపడలేదు. కలం పుచ్చుకొని, మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకాన్ని ఒక్కో అక్షరం చెక్కినట్టుగా రెండు నిమిషాలు పెట్టింది. కాగితం దూరంగా పట్టుకొని చూసుకొని, మడిచి, రవికెలో దోపుకుంది. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగింది.

"శైలజా, వచ్చే లోడు ఎప్పుడు?"

"పదిహేనో తారీఖున అనుకుంటున్న అత్తమ్మా."

"అనుకోకు. నన్ను అడిగి చెప్పు."

అత్త కింద పని చేయడం శైలజకు కొత్తేమీ కాదు. కాగితం మీద మాత్రం అదే మొదటిసారి.